గరాజ్‌లో విమానం: ఆర్‌వి-9ఎ కిట్‌ను కట్టుకోవడం, మనకు నచ్చినట్టు మార్చుకోవడం

డల్లాస్ శివార్లలో మా కారు ఆరేళ్లు ఎండలోనే ఉంది. గరాజ్ మొత్తం ఒక విమానం ఆక్రమించింది. వేసవికి వచ్చిన మా అమ్మ మొదటిసారి ఆ రేకులు చూసి, "ఏంట్రా నాన్నా, బీరువా చేస్తున్నావా?" అంది. ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. రేకు కొయ్యడం, చిల్లు వెయ్యడం, రివెట్ (రేకుల్ని కలిపి బిగించే లోహపు మేకు) కొట్టడం వరకు రెండు పనులూ అన్నదమ్ములే. కాకపోతే బీరువా ఊగితే కాలి కింద కాగితం మడిచి పెడతాం. ఇక్కడ కాగితం మడిచి పెట్టే పని ఎక్కడా ఉండదు.

నేను కట్టింది ఆర్‌వి-9ఎ. ఒరెగాన్ రాష్ట్రంలోని అరోరాలో ఉన్న వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ అమ్మే కిట్. రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ 1970ల మొదట్లో మొదలుపెట్టిన ఈ కంపెనీ విమానాలు పదకొండు వేలకు పైగా గాల్లోకి లేచాయి. తొమ్మిదో మోడల్‌లో రెండు సీట్లు పక్కపక్కన ఉంటాయి. రెక్కల విస్తారం 28 అడుగులు, ఇంజన్ 118 నుంచి 160 హార్స్‌పవర్ మధ్య. చివరి 'ఎ' అంటే ముందు చక్రం ఉన్నదని అర్థం. దీనికన్నా వేగంగా వెళ్లేవి, పల్టీలు కొట్టేవి ఉన్నాయి. కానీ ఇది గంటకు దాదాపు 50 మైళ్ల వేగం దాకా గాల్లో నిలబడుతుంది. అంటే నెమ్మదిగా దిగొచ్చు. వారాంతంలో మాత్రమే నడిపే మనలాంటివాళ్లకు అదే కావాలి.

పెట్టె తెరవక ముందు

అమెరికాలో ఇంట్లో కట్టిన విమానాన్ని అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 'ఎక్స్‌పెరిమెంటల్, అమెచ్యూర్ బిల్ట్' అనే కోవలో చేరుస్తుంది. షరతు ఒక్కటే. తయారీలో ఎక్కువ భాగం నేర్చుకోవడం కోసమో సరదా కోసమో మనమే చేసి ఉండాలి. అందరూ 51 శాతం రూల్ అంటారు. ఇది గంటల లెక్క కాదు, పనుల లెక్క. ఏ పని ఎవరు చేశారని చూసే ఒక చెక్‌లిస్ట్ ఉంటుంది. డబ్బిచ్చి మనిషిని పెట్టి కట్టించుకుంటే ఆ పని మన ఖాతాలో పడదు. ఫ్రెండ్ ఫ్రీగా సాయం చేస్తే ఫరవాలేదు, ఎందుకంటే అతనూ నేర్చుకుంటున్నట్టే.

కాబట్టి మొదటి రోజు నుంచే డైరీ రాయండి. తేదీ, పని, పట్టిన సమయం, ఫొటో. ఫొటోలో మీ చేతులే కాదు, మొహం కూడా ఉండాలి. నా దగ్గర మొదటి ఆరు నెలల ఫొటోల్లో ఉన్నవన్నీ వేళ్లే! అవి ఎవరి వేళ్లని అడిగితే చెప్పడం కష్టం.

మనవాళ్లు చాలామంది అడగని ప్రశ్న వీసా గురించి. అమెరికాలో విమానాన్ని సొంత పేరున రిజిస్టర్ చేసుకోవాలంటే పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండాలి. హెచ్-1బి మీద ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు. కట్టిన విమానాన్ని ఏటా మనమే తనిఖీ చేసుకోవడానికి ఇచ్చే రిపేర్‌మ్యాన్ సర్టిఫికెట్‌కీ ఇదే నియమం. ఇక పైలట్ శిక్షణకు గ్రీన్ కార్డ్ ఉన్నా సరే, పౌరులు కాకపోతే రవాణా భద్రతా సంస్థ టీఎస్‌ఏ అనుమతి ముందే తీసుకోవాలి. గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్నవాళ్లు తోక భాగం మొదలుపెట్టొచ్చు. మన క్యూ కన్నా విమానమే ముందు పూర్తవుతుందని జోకులు వేసుకుంటాం, కానీ అది నిజం కూడా.

ఇండియాలో ఇంకా కష్టం. ముంబైలో అమోల్ యాదవ్ అనే పైలట్ తన అపార్ట్‌మెంట్ డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టారు. 2016లో 'మేక్ ఇన్ ఇండియా' ప్రదర్శనలో పెట్టారు. దానికి రిజిస్ట్రేషన్ దొరికేసరికి 2017 వచ్చింది. కట్టడం కన్నా కాగితాలకే ఎక్కువ ఓపిక పట్టింది. అందుకే కింద చెప్పేదంతా అమెరికా పద్ధతే.

మీ కాలనీ ఇళ్ల యజమానుల సంఘం (హెచ్‌ఓఏ) రూల్స్ కూడా ఒకసారి చదవండి. రివెట్ గన్ శబ్దం రోడ్డు అవతలికి వినిపిస్తుంది. నేను ముందే అటూ ఇటూ ఇళ్లవాళ్లకు అరిసెలు ఇచ్చి విషయం చెప్పి, రాత్రి ఎనిమిది దాటాక గన్ ముట్టనని మాటిచ్చాను. ఆరేళ్లలో ఒక్క ఫిర్యాదూ రాలేదు.

డబ్బు, ఆర్డర్ పెట్టే వరుస

నా లెక్క మోటుగా ఇది: మూడో వంతు కిట్‌కి, మూడో వంతు ఇంజన్, ప్రొపెల్లర్‌కి, మిగతాది ప్యానెల్ (పైలట్ ముందు స్క్రీన్లు, స్విచ్‌లు ఉండే పలక), రంగు, పనిముట్లు, లెక్కలోకి రాని చిల్లరకి. మొత్తం లక్ష డాలర్లకు అటూ ఇటూ ఉంటుందని మనసు సిద్ధం చేసుకోండి. కిట్ ఒకేసారి కొననక్కర్లేదు. తోక, రెక్కలు, బాడీ, ఫినిషింగ్ అని విడివిడిగా వస్తుంది. తోక కిట్ అన్నిటికన్నా చవక. దాన్ని కట్టాక ఈ పని మనకు పడదని తేలితే అమ్మేసుకోవచ్చు, నష్టం కొద్దిగానే.

విడివిడిగా కొనడానికి ఇంకో కారణం ఉంది. 2023 డిసెంబర్‌లో వాన్స్ దివాలా రక్షణ కోరింది. అప్పటికే డిపాజిట్ కట్టి ఉన్నవాళ్లు పెరిగిన ధరలకు ఒప్పుకుంటేనే ఆర్డర్ ముందుకు సాగింది. 2024లో కంపెనీ తేరుకుంది. ఏ కంపెనీ అయినా సరే, మన పని వేగాన్ని మించి డిపాజిట్లు కట్టకూడదు.

పనిముట్లు

రెండు కార్ల గరాజ్ చాలు. రెక్కలు చివర్లో, ఎయిర్‌పోర్ట్ హ్యాంగర్‌లోనే బిగిస్తాం. నిజంగా కావలసినవి: సమతలంగా ఉన్న గట్టి బల్ల, ఎయిర్ కంప్రెసర్, గాలితో నడిచే డ్రిల్, రివెట్ గన్, చేత్తో నొక్కే రివెట్ స్క్వీజర్, బకింగ్ బార్ అనే బరువైన దిమ్మ, డింపుల్ డైలు, మంచి ఆకురాళ్లు, ఆరేడు వందల క్లీకోలు. క్లీకో అంటే రెండు రేకుల్ని తాత్కాలికంగా పట్టి ఉంచే స్ప్రింగ్ పిన్ను. ఎన్ని కొన్నా చాలవు. దిమ్మ విషయంలో పిసినారితనం వద్దు, టంగ్‌స్టన్‌దే కొనండి. అది చిన్నగా ఉండి బరువుగా ఉంటుంది కాబట్టి ఇరుకు మూలల్లోకి పోతుంది.

చెవులకు మఫ్‌లు, కళ్లకు అద్దాలు, ప్రైమర్ (రేకుకి ముందుగా వేసే పూత) కొట్టేటప్పుడు సరైన ఫిల్టర్ మాస్కు తప్పనిసరి.

ఒక రివెట్ కథ

ఇది వచ్చేస్తే సగం విమానం వచ్చేసినట్టే. వేల సార్లు చేసేది ఇదొక్కటే.

కిట్‌లో వచ్చే అల్యూమినియం రేకుకు చిల్లులు ముందే వేసి ఉంటాయి, కానీ అవి కాస్త చిన్నవి. ముందు భాగాలన్నీ కలిపి క్లీకోలు పెట్టండి. కలిపి ఉంచే, అసలు సైజు డ్రిల్‌తో ప్రతి చిల్లూ పెద్దది చేయండి. అంగుళంలో 3/32 వంతు రివెట్‌కి నలభై నంబర్ డ్రిల్, 1/8 వంతు రివెట్‌కి ముప్పై నంబర్ డ్రిల్. తర్వాత అంతా విప్పేయండి. అవును, కలిపిందంతా విప్పాల్సిందే. ప్రతి చిల్లు అంచునా లేచిన బరకను తీయాలి. రేకు అంచుల్ని ఆకురాయితో గీసి వేలు జారేంత నున్నగా చేయాలి. చిన్న గాటు మిగిలినా, ఏళ్ల తరబడి ఊగిసలాటకి పగులు అక్కడే మొదలవుతుంది.

బయటి రేకు మీద రివెట్ తల రేకులో కలిసిపోవాలి కాబట్టి ప్రతి చిల్లు చుట్టూ డైతో చిన్న గుంట నొక్కుతాం. దాన్నే డింపుల్ అంటారు. ఆ తర్వాత శుభ్రంగా కడిగి ప్రైమర్. ప్రైమర్‌కి ముందు చేతి జిడ్డు కూడా తగలకూడదు. దసరాకి ఆయుధపూజలో మా ఆవిడ రివెట్ గన్‌కి బొట్టు పెట్టింది. రెక్క రేకుకి కూడా పెడతానంటే కాళ్లా వేళ్లా పడి ఆపాను.

ఇప్పుడు మళ్లీ కలపడం, మళ్లీ క్లీకోలు. గన్ ఒకరు, వెనక దిమ్మ ఆనించేది ఇంకొకరు. పక్కనున్న మనిషి పెళ్లామో మొగుడో అయితే ముందు ఒక ఒప్పందం చేసుకోండి. మా ఒప్పందం మూడు మాటలే: "ఉంది", "కొట్టు", "ఆపు". నాలుగో మాట వచ్చిందంటే ఆ సాయంత్రానికి పని అయిపోయినట్టే.

రివెట్ పొడవు రేకుల మందానికి పైన దాని వ్యాసానికి ఒకటిన్నర రెట్లు బయటికి కనబడాలి. కొట్టాక వెనకవైపు నలిగి ఏర్పడే తల వెడల్పు వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం. 1/8 వంతు రివెట్‌కైతే వెడల్పు 3/16 అంగుళం, ఎత్తు 1/16. దీనికి చిన్న రేకు గేజ్ దొరుకుతుంది, జేబులో ఉంచుకోండి. తల ఒక పక్కకి ఒరిగినా, చుట్టూ పగిలినా తీసేయాలి. ముందు తల మధ్యలో సన్నగా డ్రిల్ చేసి, తల విరిచి, మిగిలిన ముక్కను వెనక్కి తోయాలి. అయితే ఒకే చోట మూడుసార్లు ప్రయత్నిస్తే చిల్లే పాడవుతుంది. కొద్దిగా వంకరగా ఉన్న రివెట్ కన్నా పెద్దదైపోయిన చిల్లే ప్రమాదం. ఏది వదిలెయ్యాలో ఈఏఏ చాప్టర్ పెద్దాయన చూపిస్తే గానీ నాకు అర్థం కాలేదు. ఈఏఏ అంటే 1953లో పాల్ పోబెరెజ్నీ మిల్వాకీలో మొదలుపెట్టిన సొంత విమానాల సంఘం. మీ ఊరి చాప్టర్‌లో టెక్నికల్ కౌన్సిలర్ ఉంటే ఇంటికొచ్చి పని చూసి పెడతారు, డబ్బు తీసుకోరు. మూత పడే ప్రతి భాగాన్నీ మూసేముందు ఆయనకి చూపించండి.

తోక కడుతున్నప్పుడు ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక రెక్క) రేకు ఒకటి తిరగేసి గుంటలు నొక్కాను. మొత్తం వరుస! రాత్రి పదకొండు గంటలకి, నిద్రమత్తులో. కొత్త రేకు తెప్పించాల్సి వచ్చింది. అప్పటినుంచి తొమ్మిదిన్నరకి లైట్ ఆర్పేస్తున్నాను.

రెక్కలు, ట్యాంకులు

రెక్కల్లో పని ఎక్కువే గానీ కొత్తది తక్కువ. కొత్తదల్లా పెట్రోల్ ట్యాంకులే. రెక్క ముందు అంచే ట్యాంకు. కీళ్లన్నీ నల్లటి సీలెంట్‌తో మూయాలి. దాని కంపు కుళ్లిన గుడ్డులా ఉంటుంది, ఎక్కడ అంటుకుంటే అక్కడే ఉండిపోతుంది. పాత బట్టలు వేసుకుని, గ్లవ్స్ రెండు జతలు ఒకదానిమీద ఒకటి తొడగండి. ఆరాక ట్యాంకు మూసి కొద్దిగా గాలి పెట్టి, గొట్టానికి మామూలు బర్త్‌డే బెలూన్ తగిలించండి. కీళ్ల మీద సబ్బు నీళ్లు రాస్తే లీకు బుడగలై కనిపిస్తుంది. బెలూన్ రేపటికి కాస్త తగ్గితే కంగారు పడొద్దు, చల్లబడినా తగ్గుతుంది. సబ్బు బుడగనే నమ్మండి.

బాడీ, పైకప్పు

బాడీ కట్టే నెలల గురించి చెప్పేది తక్కువ. రివెట్లే, మరిన్ని రివెట్లు. భయపడాల్సింది పైన వచ్చే పారదర్శక కెనోపీ గురించి. అది యాక్రిలిక్. చలిలో కోస్తే టక్కున పగులుతుంది. ఇక్కడ మన టెక్సస్ ఎండ వరం. ఆగస్టు మధ్యాహ్నం, గరాజ్ తలుపు మూసి, చెమటలు కారుతుంటే కొయ్యండి. చిల్లులకు ప్లాస్టిక్ కోసం ప్రత్యేకంగా చేసిన డ్రిల్ వాడాలి. మామూలుది అంచును పట్టి లాగేస్తుంది.

ఏది మార్చాలి, ఏది ముట్టకూడదు

సొంతంగా కడుతున్నాం కాబట్టి ఏదైనా మార్చొచ్చని చట్టం చెబుతుంది. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన మార్చడం మంచిదని కాదు. గాయకుడు జాన్ డెన్వర్ 1997 అక్టోబర్ 12న కాలిఫోర్నియాలోని మాంటెరే దగ్గర సముద్రంలో కూలి చనిపోయారు. ఆయన నడిపింది సొంతంగా కట్టుకునే లాంగ్-ఈజెడ్ విమానం, కట్టింది వేరేవాళ్లు. డిజైన్‌లో పెట్రోల్ ట్యాంకు మార్చే పిడి పైలట్ కాళ్ల మధ్య ఉండాలి. పెట్రోల్ గొట్టాలు కాక్‌పిట్‌లోకి రాకూడదని కట్టినాయన దాన్ని పైలట్ ఎడమ భుజం వెనక్కి జరిపాడు. ఆలోచనలో తర్కం ఉంది. కానీ దాన్ని తిప్పాలంటే బెల్టులో ఒళ్లు మెలితిప్పి వెనక్కి తిరగాలి. అలా తిరిగేటప్పుడు కాలు రడ్డర్ పెడల్‌ని (ముక్కును పక్కలకి తిప్పేది) తన్నేస్తుంది. విచారణలో ప్రధానంగా తేలింది ఇదే.

అందుకే నేను పెట్టుకున్న గీత: పెట్రోల్ దారి, కంట్రోళ్లు, బరువు మోసే దూలాలు, ఇంజన్ పరిమితి. ఈ నాలుగూ డ్రాయింగ్‌లో ఉన్నట్టే. సీటు గుడ్డ, స్టిక్ పిడి, ప్యానెల్, దీపాలు, రంగు, ఛార్జర్ సాకెట్లు మీ ఇష్టం.

ఇంజన్ గురించి ప్రతివాడికీ ఒకే ఆశ: 160 బదులు 180 హార్స్‌పవర్ పెడితే? తొమ్మిదో మోడల్‌కి డిజైనర్ 160 దగ్గర గీత గీశాడు. పెద్ద ఇంజన్‌తో ముక్కు బరువెక్కుతుంది. పైగా దాటకూడని వేగాన్ని తెలియకుండానే దాటేస్తాం. ఆ వేగం దాటితే రెక్క చివర్లు, తోక భాగాలు గాలికి అల్లల్లాడడం మొదలవ్వచ్చు. దాన్ని ఫ్లటర్ అంటారు, క్షణాల్లో విమానం చీలిపోతుంది. ఎక్కువ వేగం కావాలనుకుంటే ఏడో మోడల్ (ఆర్‌వి-7) కొనాల్సింది, తొమ్మిదోది కాదు.

రంగుకీ ఫ్లటర్‌కీ సంబంధం ఉంది, అది చాలామందికి తట్టదు. ఎలివేటర్ లాంటి కదిలే భాగాల బరువు కీలుకి ముందూ వెనకా తూచి పెట్టి ఉంటుంది. వెనక అంచున దళసరి పుట్టీ పెట్టి రంగు కొడితే ఆ తూకం పోతుంది. రంగు వేశాక మళ్లీ తూచండి. మిగతా బాడీకి కూడా రంగు బరువే. తోలు సీట్లు, కార్పెట్, రెండో స్క్రీన్, అన్నీ చిన్నచిన్నవే, కానీ కలిపితే ఒక చిన్న పిల్లాడంత బరువు. మీరు పెట్టాలనుకున్న ప్రతి వస్తువునీ వంటింటి త్రాసు మీద పెట్టి ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఆ నోట్‌బుక్ చూశాక నేను తోలు సీట్లు మానుకున్నాను.

ప్యానెల్‌కి ముందు అట్టముక్క కోసి, స్క్రీన్ల బొమ్మలు ప్రింట్ చేసి అంటించి, బాడీలో సీటు పెట్టి, బెల్టు బిగించుకుని కూర్చోండి. కళ్లు మూసుకుని పెట్రోల్ పిడి, మాస్టర్ స్విచ్, థ్రాటిల్ పట్టుకోగలరా? రెండు వారాలు అలా కూర్చున్నాక నేను ఆరు స్విచ్‌ల స్థానం మార్చాను. మా అబ్బాయి రోజూ పక్కన కూర్చుని నోటితో ఇంజన్ శబ్దం చేసేవాడు, అదీ పనికొచ్చింది. వైర్లు టెఫ్‌జెల్ అనే వేడిని తట్టుకునే ప్లాస్టిక్ తొడుగువే వాడండి. కీళ్లు టంకం కన్నా సరైన క్రింపర్‌తో నొక్కడం మేలు, ఎందుకంటే వణుకుకి టంకం పక్కనే వైరు విరుగుతుంది. రెండు చివర్లా లేబుల్ తప్పనిసరి. 2020 జనవరి నుంచి పెద్ద ఎయిర్‌పోర్టుల చుట్టూ విమానం ఎక్కడుందో రేడియోలో చెప్పే ఏడీఎస్-బి అవుట్ ఉండాలి కాబట్టి దానికి చోటు మొదటే కేటాయించండి. స్క్రీన్లు గార్మిన్ కంపెనీవి కావాలా డైనన్ కంపెనీవి కావాలా అంటే, మీ చాప్టర్‌లో ఎక్కువమంది దగ్గర ఏది ఉంటే అదే. రాత్రి తొమ్మిదికి డౌట్ వస్తే అడగడానికి మనిషి ఉండాలి.

ఇంజన్, పరీక్షలు, కాగితాలు

ఇంజన్ బిగించేటప్పుడు ప్రతి నట్టూ టార్క్ పానాతోనే. బిగించగానే రంగు గీత పెట్టండి, గీత లేకపోతే బిగించనట్టే. ఆ తర్వాత పెట్రోల్ ప్రవాహ పరీక్ష. విమానం ముక్కును పైకెత్తి, బాగా ఏటవాలుగా ఎక్కే కోణంలో నిలిపి, పంపు నుంచి కాలం లెక్కన పెట్రోల్ బకెట్‌లోకి పట్టండి. పూర్తి పవర్‌కి కావలసినదానికి 125 శాతం రావాలి. పంపు లేకుండా పైనుంచి జారే విమానాలకైతే 150 శాతం. ఇదంతా ఆరుబయట, అగ్నిమాపకం పక్కన పెట్టుకుని చెయ్యాలి.

ఎయిర్‌పోర్ట్‌కి తరలించాక మూడు చక్రాల కింద మూడు త్రాసులు పెట్టి బరువు, గురుత్వ కేంద్రం లెక్క తీయాలి. రిజిస్ట్రేషన్ ముందే పెట్టండి, ఫీజు 5 డాలర్లే. కావలసిన ఎన్ నంబర్ (విమానం రిజిస్ట్రేషన్ నంబర్) ముందే ఆపుకోవాలంటే 10. మంటకు కరగని డేటా ప్లేట్, తలుపు దగ్గర కనీసం రెండంగుళాల ఎత్తున 'ఎక్స్‌పెరిమెంటల్' అక్షరాలు, ఇది మామూలు విమానాల భద్రతా నిబంధనల ప్రకారం కట్టింది కాదని పక్క సీటు వాళ్లకు చెప్పే ఫలకం, మీ డైరీ, ఇవన్నీ ఇన్‌స్పెక్టర్ చూస్తాడు. ఎఫ్‌ఏఏ మనిషి దొరక్కపోతే డీఏఆర్ అనే ప్రైవేట్ ప్రతినిధికి ఫీజిచ్చి పిలుచుకోవచ్చు. ఆ రోజు మూతలన్నీ తీసి ఉంచండి.

మొదటి నలభై గంటలు

సర్టిఫికెట్ చేతికి వచ్చినా విమానం ఇంకా పరీక్షలోనే ఉంటుంది. ఇంజన్, ప్రొపెల్లర్ జోడీ ఎఫ్‌ఏఏ సర్టిఫై చేసినదైతే సాధారణంగా 25 గంటలు, కాకపోతే 40. నిర్ణయించిన ప్రాంతంలోనే తిరగాలి, ప్రయాణికులు కూడదు. నేను 40 గంటల జోడీ పెట్టుకున్నాను, ఆ నెలల్లో మా ఇంట్లో వచ్చిన ప్రశ్న ఒకటే: "ఎప్పుడు ఎక్కిస్తారండీ?"

మొదటిసారి ఎగిరేముందు అదే మోడల్‌లో శిక్షకుడితో కొన్ని గంటలు నడపండి. సొంత విమానాల ప్రమాదాల మీద అమెరికా ప్రమాద విచారణ సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2012లో ఇచ్చిన నివేదికలో ఎక్కువగా కనిపించినవి ఇంజన్ ఆగిపోవడం, అదుపు తప్పడం. అందుకే ఇంజన్ ఆగితే ఎక్కడ దిగాలో టేకాఫ్‌కి ముందే ఎత్తుల వారీగా నోటితో చెప్పుకోండి. రన్‌వే మీద అటూ ఇటూ వేగంగా పరిగెత్తించే సరదా వద్దు. బ్రేకులు వేడెక్కుతాయి, కొత్త ఇంజన్‌కీ మంచిది కాదు. మొదటి ఎగురుడు ఎయిర్‌పోర్ట్ పైనే, పవర్ తగ్గించకుండా, చుట్టూ తిరగడమే. దిగాక కౌలింగ్ (ఇంజన్ మీది మూత) విప్పి లీకులు, వదులైన గొట్టాలు, కదిలిన రంగు గీతలు చూడండి. మా దాంట్లో మొదటి గంట తర్వాత ఒక ఆయిల్ గొట్టం పట్టీ రాసుకుంటూ కనిపించింది. ఐదు నిమిషాల పని, కానీ చూడకపోతే?

గంటలు పూర్తయ్యాక విమానం అన్ని వేగాల్లో అదుపులో ఉందనీ, ప్రమాదకర లక్షణాలు లేవనీ లాగ్‌బుక్‌లో రాసి సంతకం పెట్టాలి. ఆ పేజీ తర్వాతే పక్క సీటు నిండుతుంది. రిపేర్‌మ్యాన్ సర్టిఫికెట్‌కి అప్పుడే దరఖాస్తు పెట్టేయండి. అది ఉంటే పన్నెండు నెలలకోసారి చేయాల్సిన కండిషన్ ఇన్‌స్పెక్షన్ మీరే చేసుకోవచ్చు, మెకానిక్ ఫీజు మిగులుతుంది. నా గడువు జులైలో పడింది. టెక్సస్ జులైలో రేకుల హ్యాంగర్‌లో రెండు రోజులు పడుకుని మూతలు విప్పడమంటే ఏంటో మొదటి ఏడాదే తెలిసొచ్చింది. రెండో ఏడు గడువు దాకా ఆగకుండా మార్చిలోనే చేసేశాను.